నీళ్లున్న చోట ఎత్తు లేదు, ఎత్తున్న చోట నీళ్లు లేవు

గోదావరి గురించి మన దగ్గర ఎప్పుడు మాట వచ్చినా ముందు వినపడే అంకె 968. ఉమ్మడి రాష్ట్రానికి గోదావరిలో 1,486 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగుల నీళ్లు), అందులో తెలంగాణవి 968, ఆంధ్రవి 518 అని లెక్క. అసెంబ్లీలోనూ ఇదే, టీవీ చర్చల్లోనూ ఇదే, హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ మాట్లాడుకున్నా ఇదే. బ్యాంకులో మన పేరు మీద 968 టీఎంసీలు జమ అయి ఉన్నట్టు, చెక్కు రాయడమే ఆలస్యం అన్నట్టు మాట్లాడతాం.

రాబోయే ఇరవై, ముప్పై ఏళ్లకు వరంగల్‌కు, ఉత్తర తెలంగాణకు నీళ్ల ప్లాన్ వేయాలంటే ఈ అంకెతో మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. అది వాటా లెక్క మాత్రమే. ఆ నీళ్లు ఏ వాగులో, ఏ నెలలో, ఎంత ఎత్తున దొరుకుతాయో అది చెప్పదు. ప్లాన్‌కు కావాల్సినవి ఆ మూడే.

ముందు ఆ లెక్క సంగతి చూద్దాం. రాష్ట్రాల మధ్య గోదావరి నీళ్ల తగాదా తేల్చడానికి బచావత్ ట్రిబ్యునల్ 1969లో ఏర్పడింది, తుది తీర్పు 1980లో వచ్చింది. కృష్ణాలో చేసినట్టు ఇక్కడ రాష్ట్రానికి ఇన్ని టీఎంసీలని ట్రిబ్యునల్ గంపగుత్తగా పంచలేదు. బేసిన్‌ను 12 ఉప బేసిన్‌లుగా చేసి, రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న ఒప్పందాలకు ముద్ర వేసింది. ఫలానా చోటికి పైన నీళ్లు మీవి, కిందివి వాళ్లవి అనే తరహా ఒప్పందాలు అవి. మన 1,486 అనేది వాటి నుంచి తేలిన అంచనా, అదీ 75 శాతం నమ్మకంతో. అంటే నూరేళ్ల నీటి రాకను పెద్దది నుంచి చిన్నదిగా వరుస పేరిస్తే 75వ స్థానంలో నిలిచే ఏడాది లెక్క. నాలుగేళ్లలో ఒక ఏడు అంతకన్నా తక్కువే వస్తుందని దాని అర్థం. పంట ఎండేది, కుళాయి ఆగేది ఆ ఏడే. ప్లాన్ అవసరమయ్యేదీ ఆ ఏడే.

ఎత్తు దగ్గరికొద్దాం

నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిన గోదావరి కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. అక్కడే మంజీర, హరిద్ర కలుస్తాయి. కొంచెం కిందికి వస్తే పోచంపాడు, అంటే శ్రీరాంసాగర్. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. దాని పూర్తి మట్టం 1,091 అడుగులు. అక్కడి నుంచి కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు నడిచి లోయర్ మానేరులో పడుతుంది. లోయర్ మానేరు మట్టం 920 అడుగులు. వరంగల్ దాదాపు 870 అడుగుల ఎత్తున ఉంది. చూడండి, మెట్టు మెట్టుగా పల్లమే. గేటు ఎత్తితే చాలు, ఒక్క యూనిట్ కరెంటు లేకుండా పోచంపాడు నీళ్లు మన డీబీఎం కాలువల్లోకి, అంటే పొలాలకు పంచే పిల్ల కాలువల్లోకి దిగుతాయి. పాత ఇంజనీర్లు వేసిన గీత అది, తిట్టడానికి లేదు.

తిరకాసు ఎక్కడంటే, నీళ్లు పోచంపాడుకు వస్తే కదా. పైన మహారాష్ట్రలో పైఠణ్ దగ్గర జాయక్వాడి ఒక్కటే వంద టీఎంసీల పైచిలుకు పట్టే డ్యామ్. పైఠణ్ దాకా నీళ్లన్నీ మహారాష్ట్ర వాడుకోవచ్చు, ఆ కింద పోచంపాడు వరకు కొత్తగా మరో 60 టీఎంసీలు వాడుకోవచ్చు అన్నది ఒప్పందం. పోచంపాడుకు పైన మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బరాజ్ గొడవ అంతా ఈ 60 చుట్టూ తిరిగిందే. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా బాబ్లీ గేట్లు తెరిచి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. బాబ్లీ పట్టేది మూడు టీఎంసీల లోపే. దాని మీద పడ్డ కేకల్లో పదో వంతు జాయక్వాడి మీద, ఇంకా పైనున్న డ్యాముల మీద పడలేదు. నీళ్లు తగ్గడానికి పెద్ద కారణం మాత్రం అక్కడుంది.

దీనికి తోడు పూడిక. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీలు. 1994 సర్వేలో 90. ఇప్పుడు 80.5గా లెక్కిస్తున్నారు. ముప్పై టీఎంసీలకు పైగా మట్టి మింగేసింది, అంటే ఒక లోయర్ మానేరు కన్నా ఎక్కువ. రాబోయే ముప్పై ఏళ్ల ప్లాన్‌లో ఇవాళ్టి 80ని అలాగే ఉంచి లెక్క వేసిన కాగితం ఏదైనా కనపడితే, ఆ కాగితాన్ని అక్కడే మూసేయొచ్చు.

ఇక కిందికి పోదాం. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది. మొత్తం గోదావరి బేసిన్‌లో మూడో వంతుకు పైగా విస్తీర్ణం ఒక్క ప్రాణహితదే: వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగ నీళ్లన్నీ అందులోనివే. ఇంకా కిందికి పోతే ఇంద్రావతి. ఈ రెండూ కలిశాక గోదావరి వేరే నది. ఏటూరునాగారం దగ్గర ఎండాకాలంలో కూడా ఏదో ఒక ధార కనపడుతుంది. కానీ ఎత్తు? మేడిగడ్డ బరాజ్ పూర్తి మట్టం 100 మీటర్లు. తుపాకులగూడెం దగ్గరి సమ్మక్క బరాజ్‌ది 83 మీటర్లు. వరంగల్ 260 మీటర్ల పైన. నీళ్లున్న చోట ఎత్తు లేదు, ఎత్తున్న చోట నీళ్లు లేవు. దేవాదుల, కాళేశ్వరం ఎత్తిపోతల పథకాలు, వాటి చుట్టూ ఉన్న రాజకీయం, కేసులు, కమిషన్లు, అన్నీ ఈ ఒక్క ముడి నుంచే పుట్టాయి.

ఎత్తిపోతకు ఎంత ఖర్చవుతుందో మనమే వేసి చూడొచ్చు, పెద్ద విద్యేం కాదు. ఒక టీఎంసీ అంటే దాదాపు 2,832 కోట్ల లీటర్లు. దాన్ని పైపుల్లో రాపిడి కూడా కలుపుకొని 200 మీటర్లు ఎత్తాలంటే, మోటార్ల నష్టాలతో సహా సుమారు 2 కోట్ల యూనిట్లు కావాలి. యూనిట్ 6 రూపాయలనుకుంటే 12 కోట్లు. ఇంజనీర్లు వాడుకలో చెప్పేది టీఎంసీకి వరి పది వేల ఎకరాలు, ఆరుతడి పంటలైతే పదిహేను వేల దాకా అని. పది వేల ఎకరాల వరికి 12 కోట్లంటే ఎకరాకు ఒక్క పంటకు 12 వేల రూపాయల కరెంటు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండి, 2024-25 మద్దతు ధర 2,300 చొప్పున వస్తే చేతికొచ్చేది 57,500. అందులో ఐదో వంతుకు పైగా కరెంటుకే. రైతు కట్టడు కాబట్టి రైతుకు కనపడదు. ప్రభుత్వానికి కనపడుతుంది, కానీ అది బయటికి చెప్పదు.

ఇదే లెక్క మంచినీళ్లకు వేస్తే మొత్తం మారిపోతుంది. పది లక్షల మంది ఉన్న నగరానికి మిషన్ భగీరథ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 150 లీటర్లు ఇస్తే ఏడాదికి 2 టీఎంసీలు కూడా నిండదు. ఎత్తడానికి 24 కోట్లు. తలకు ఏడాదికి 240 రూపాయలు. ఎవరూ అభ్యంతరం చెప్పరు.

మరి ఎత్తిపోతలు వ్యవసాయానికి దండగేనా? అలా అనలేం. వానాకాలం వరి పొట్ట దశలో ఉండగా పదిహేను రోజులు వాన మొహం చాటేసిందనుకోండి. అప్పుడు కావాల్సింది పంట మొత్తానికి నీళ్లు కాదు, ఒక తడి. ఐదు సెంటీమీటర్ల తడి అనుకుంటే ఒక టీఎంసీ లక్షా నలభై వేల ఎకరాలకు సరిపోతుంది. దారిలో సగం ఇంకిపోయినా 70 వేల ఎకరాలు. అదే 12 కోట్ల కరెంటు ఇప్పుడు ఎకరాకు 1,700 రూపాయలు, అదీ ఎండిపోబోయే పంటను నిలబెడుతుంది. ఎత్తిన నీళ్లు ఆపద మొక్కులకు, పల్లానికి దిగే నీళ్లు నిత్య పూజకు. ఆయకట్టు లక్షల ఎకరాలని శిలాఫలకాల మీద రాసేటప్పుడు ఈ తేడా ఎక్కడా రాయరు.

సముద్రం పాలవుతున్న నీళ్లు

ఏటా వేల టీఎంసీలు సముద్రంలో కలిసిపోతున్నాయన్నది మనకు బాగా అలవాటైన బాధ. నిజమే, పోతున్నాయి. ఎలా పోతున్నాయో చూడాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ప్రవాహం 24 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు 24 లక్షల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఆ లెక్కన ఒక్క రోజులో 200 టీఎంసీలు పోయాయి. ఐదు రోజులు అలా పారితే మన 968 అయిపోతుంది. మేడిగడ్డ దగ్గర పంపులు డిజైన్ చేసింది రోజుకు 2 టీఎంసీలకు. పంపులు ఎన్ని పెట్టినా వరదను పట్టలేం. ఏడాదిలో ఒక వారం నడిచే మోటార్లకు ఎవరూ పెట్టుబడి పెట్టరు. పైగా ఆ వరదే కిందికి ఒండ్రు మోసుకెళ్లి డెల్టాకు, కోరంగి మడ అడవులకు ప్రాణం పోస్తుంది. వాడుకోదగిన నీళ్లంటే వరద తల నరికాక జూలై చివరి నుంచి అక్టోబర్ దాకా నిలకడగా పారేవే. సుమారు తొంభై రోజులు. ఎత్తిపోతలన్నీ ఆ తొంభై రోజుల మీద ఆధారపడినవే.

వానలు కూడా కుదురుగా పడటం లేదు. 2023 జూలై 27 పొద్దుటికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. రాష్ట్ర సగటు ఏడాదికి 900. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది ఆ రాత్రే. ఆ ఏడాది వానలు బాగున్నాయని సగటు చెబుతుంది. ఆ నీళ్లను ఏ చెరువూ పట్టలేకపోయింది, కొన్ని కట్టలే తెగిపోయాయి.

ఇవతలి వైపు కరువు. 2015-16లో సింగూరు, నిజాంసాగర్ అడుగంటాయి. మన బేసిన్‌లోనే, మంజీర పరీవాహకంలోనే ఉన్న లాతూరుకు 2016 ఏప్రిల్‌లో రైళ్లలో మంచినీళ్లు తెచ్చి పోశారు. ఆరు నెలలు తిరక్కుండానే, సెప్టెంబర్ వానలకు సింగూరు నిండి గేట్లెత్తారు. ఒకే ఏడాదిలో రైల్లో నీళ్లు, గేట్ల మీద నీళ్లు. అందుకే సగటు చూసి వేసిన ప్లాన్ ఈ రెండింటిలో దేనికీ పనికిరాదు.

అసలు ఎవరికి ఎంత కావాలి?

భవిష్యత్ అవసరాలు అనగానే నగరాలు పెరుగుతాయి, జనాభా పెరుగుతుంది, కంపెనీలు వస్తాయి అని మొదలవుతుంది. సరే, వరంగల్ 2050కి 20 లక్షలు అవుతుందనుకుందాం. పైపుల్లో మూడో వంతు కారిపోతుందనుకుందాం. అయినా 6 టీఎంసీలు దాటదు. ఎల్లంపల్లి నుంచి హైదరాబాద్‌కు వెళ్లే గోదావరి నీళ్లు 10 టీఎంసీల పథకం. రామగుండం ఎన్టీపీసీ, చెల్పూరు థర్మల్ ప్లాంటు, సింగరేణి, గీసుకొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, అన్నీ కలిపినా పెద్ద అంకె రాదు.

పెద్ద అంకె వరి దగ్గర ఉంది. అందులోనూ యాసంగి వరి దగ్గర. రాష్ట్రంలో యాసంగి వరి ఈ మధ్య సంవత్సరాల్లో 50 లక్షల ఎకరాలు దాటింది. టీఎంసీకి పది వేల ఎకరాల చొప్పున 500 టీఎంసీలు. కృష్ణా వైపుది, బోర్ల కిందిది కలుపుకొని అయినా సరే, యాసంగిలో వాన ఉండదు కాబట్టి ప్రతి బొట్టూ ఎక్కడో ఒకచోట నిల్వ నుంచి రావాల్సిందే, రిజర్వాయర్ అయినా భూగర్భం అయినా. వరంగల్ 2050లో తాగే నీళ్లు మొత్తం 60 వేల ఎకరాల యాసంగి వరితో సమానం. ఉమ్మడి జిల్లాలో నాలుగైదు మండలాలు చాలు ఆ వరికి.

రైతును తప్పుపట్టి లాభం లేదు. వరికి మద్దతు ధర ఉంది, ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది, కరెంటు ఉచితం, కూలీల టెన్షన్ తక్కువ, కోతకు హార్వెస్టర్ వస్తుంది. మిర్చి వేసి ఎనుమాముల మార్కెట్లో ధర కోసం కళ్లు కాయలు కాసేలా చూసిన రైతుకు ఆరుతడి పంటలు వేయమని ఉపన్యాసం ఇవ్వడం తేలిక. పప్పులు, నూనెగింజలు మద్దతు ధరకు ఊళ్లో కొనే ఏర్పాటు చేయనంత కాలం నీళ్ల శాఖ ఎన్ని ప్లాన్లు వేసినా పంటను నిర్ణయించేది ధాన్యం కొనే సివిల్ సప్లైస్ శాఖే. నా దృష్టిలో ఉత్తర తెలంగాణ నీటి ప్రణాళికలో అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ ధాన్యం కొనుగోలు పేజీ. అది నీళ్ల ఫైల్లో ఉండదు, అంతే.

వరంగల్‌కు ఇంకో చిక్కు ఉంది, బయటివాళ్లకు అంతగా తెలియదు. మన ఉమ్మడి జిల్లా గోదావరి, కృష్ణా బేసిన్‌ల మధ్య గట్టు మీద ఉంది. పరకాల, భూపాలపల్లి వైపు పడ్డ వాన చలివాగు, మోరంచవాగుల్లో గోదావరికి పోతుంది. వర్ధన్నపేట వైపు పడ్డది ఆకేరులో, పాకాల మత్తడి దుంకిన నీళ్లు మున్నేరులో, చివరికి కృష్ణకు. కాకతీయుల కాలంలోనే రామప్ప, లక్నవరం ఒక వైపు, పాకాల ఇంకో వైపు కట్టుకున్నారు. గోదావరి నీళ్లు ఎత్తి జనగామ వైపు ఇస్తే పొలంలో మిగిలింది మళ్లీ గోదావరికి రాదు, మున్నేరు వైపు దిగుతుంది. బేసిన్ లెక్కలో అది పూర్తిగా ఖర్చయిన నీరు.

గట్టుకు ఇవతల, గోదావరి వైపు, అలా కాదు. ఇక్కడ గొలుసుకట్టు చెరువులు: పై చెరువు మత్తడి నీళ్లు, పై పొలం ఊట నీళ్లు కింది చెరువుకు చేరతాయి. కాలువలో ఇంకింది పక్క రైతు బాయిలో తేలుతుంది. మనది గ్రానైట్ నేల, లోపల పట్టు తక్కువ, పై పొరల్లోనే నీళ్లుంటాయి, చెరువు నిండితే వారంలో బోర్లు అందుకుంటాయి. కాబట్టి కాలువకు సిమెంట్ లైనింగ్ చేసి 30 శాతం ఆదా చేశామంటే ముందు ఆ 30 శాతం ఎవరి బోరులోకి పోతుండేదో చూడాలి. చాలాసార్లు అది ఆదా కాదు, ఒకరి నుంచి తీసి ఇంకొకరికి ఇవ్వడం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల జాబితా తయారైంది. పూడిక తీయడం మంచిదే. కానీ పెద్ద డ్యామ్ కన్నా చెరువులో నీళ్లు ఆవిరయ్యే పాలు ఎక్కువ, లోతు తక్కువ కాబట్టి. చెరువు వానాకాలానికి, బోర్లకు బలం. మే నెలకు అది భరోసా ఇవ్వలేదు.

మే నెల భరోసా పెద్ద రిజర్వాయర్లదే: శ్రీరాంసాగర్ 80, లోయర్ మానేరు 24, మిడ్ మానేరు పాతిక పైన, ఎల్లంపల్లి 20. మొత్తం 150. ఇవి ఏటా యాసంగికి ఖాళీ అవుతాయి. తర్వాతి వానాకాలం ఆలస్యమైతే ఏంటన్న ప్రశ్నకు దొరికే జవాబు ఒకటే, కొంత మిగిల్చి ఉంచడం. జలాశయాల్లో పది శాతం మంచినీళ్లకని మిషన్ భగీరథలో పెట్టుకున్నాం. అది ఒక ఎండాకాలానికి. వరసగా రెండు కరువులకు ఎంత మిగలాలో రాసుకున్న నియమం ఉండాలి. యాసంగికి ఏ ప్రాజెక్టు కింద ఎంత వదలాలో, ఎన్ని రోజులు ఆన్, ఎన్ని రోజులు ఆఫ్ అన్నది అధికారుల కమిటీ సీజన్ ముందు తేలుస్తుంది. ఆ సమయంలో డ్యామ్ నిండుగా ఉంటుంది, ఎమ్మెల్యేల ఫోన్లు వస్తాయి, టెయిల్ ఎండ్ రైతులు ధర్నా చేస్తారు. అప్పటికప్పుడు "10 టీఎంసీలు ముట్టుకోం" అనగలిగే అధికారి ఉండడు. అందుకే ఆ అంకె ముందే జీవోలో ఉండాలి.

ఇంకో రెండు విషయాలు క్లుప్తంగా. ఒకటి, ఆలస్యం. దేవాదుల 2004లో మొదలైంది. రామప్ప వైపు నుంచి 49 కిలోమీటర్ల సొరంగం గుండా మూడో దశ నీళ్లు దేవన్నపేట పంపుహౌస్‌లో ఎత్తేసరికి 2025 వచ్చింది. ఇరవై ఏళ్ల అవసరాలకు వేసిన ప్లాన్ కట్టడానికే ఇరవై ఏళ్లు పడితే, పూర్తయిన రోజుకే అది పాతది. రెండు, అన్ని నీళ్లూ ఒక్క చోటు నుంచే అనుకోవడం. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బరాజ్‌లో పియర్లు (స్తంభాలు) కుంగాయి, ఆ తర్వాత అక్కడ నీళ్లు నిలపలేదు. తప్పెవరిదన్నది వేరే చర్చ. పైవాళ్లు ఇప్పుడు వాడుకోని నీళ్లు కూడా ఇలాంటి నమ్మలేని ఆధారమే. గోదావరి-కావేరి అనుసంధానంలో 148 టీఎంసీల్లో చాలా భాగం ఛత్తీస్‌గఢ్ ఇంద్రావతిలో వాడుకోని వాటా. వాళ్లు వాడుకోవడం మొదలుపెట్టిన రోజున ఆ నీళ్లు ఉండవు. మన లెక్కల్లోనూ అలాంటి నీళ్లు ఎన్ని కలిసి ఉన్నాయో విడదీసి చూసుకోవాలి.

చివరగా, ఎవరూ లెక్కలోకి తీసుకోని నీళ్లు కొన్ని మన ఊళ్లోనే ఉన్నాయి. నగరానికి ఇచ్చే 2 టీఎంసీల్లో ఐదింట నాలుగు వంతులు మురుగై నాలాల్లోకి పోతాయి. అంటే ఒకటిన్నర టీఎంసీ, వాన వచ్చినా రాకున్నా, మే నెలలోనూ, రోజూ, ఇప్పటికే ఊళ్లోకి తెచ్చిన నీళ్లు. శుద్ధి చేస్తే తాగడానికి కాకపోయినా బట్టల అద్దకానికి, పార్కులకు, భవన నిర్మాణానికి బంగారం లాంటివి. టెక్స్‌టైల్ పార్కు నగరానికి దగ్గర్లోనే ఉంది. దానికి గోదావరి నుంచి కొత్త లైన్ వేసే ఖర్చు ఒక వైపు, ఆ నీళ్లే శుద్ధి చేసి ఇచ్చే ఖర్చు ఒక వైపు పెట్టి చూడాలి. గ్రేటర్ కార్పొరేషన్, నీటిపారుదల శాఖ, పరిశ్రమల శాఖ ఈ లెక్క కోసం ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే చాలు, దీనికి ట్రిబ్యునల్ అనుమతీ అక్కర్లేదు, మహారాష్ట్ర సంతకమూ అక్కర్లేదు.